మేం పెట్టిన పేరు

వంటింటి కప్పుకి బిగించిన పొగ అలారం చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. కౌశిక్ కుర్చీ ఎక్కి, దాని ముందు తువ్వాలు అటూ ఇటూ విసురుతున్నాడు. పొయ్యి మీద తాలింపు మాడి, ఎండుమిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్ముకుంది.

"ముందు ఆ కిటికీ తియ్యి తల్లీ! ఆలోచనలు తర్వాత చేసుకోవచ్చు," అన్నాడు దగ్గుతూ.

శ్రీవిద్య కిటికీ తీసింది. డాలస్ పక్కనున్న ఇర్వింగ్ ఊరి ఎండ వేడిగాలితో సహా లోపలికి దూరింది. అలారం ఆగింది.

అత్తగారు ఛాయాదేవి వచ్చి, కోడలి చేతిలోంచి మూకుడు అందుకుని, మాడిన ఆవాలు సింకులో ఒంపేసింది.

"నేను వేస్తాలే తాలింపు. నువ్వు ఇంట్లో ఉన్నావన్న మాటే గానీ ఇంట్లో లేవు."

"లేకపోవడం కాదమ్మా," అన్నాడు కౌశిక్ కుర్చీ దిగుతూ. "రేపు పదింటికి హెచ్చార్ ఆవిడ ముందు కూర్చోవాలి. ఏం చెప్పాలో ఈవిడగారింకా తేల్చుకోలేదు. మిగతా నలుగురూ ఒకటే మాట చెప్పి వచ్చేశారు. తనొక్కతే మిగిలింది."

"తేల్చుకోలేదని నేనెప్పుడన్నాను?" అంది శ్రీవిద్య.

"అయితే తేల్చుకున్నావా? ఏమని?"

ఆమె గోడకి ఆనించిన చీపురు తీసి, ఊడవక్కర్లేని చోట ఊడవడం మొదలుపెట్టింది.

"చూశావా అమ్మా? ఇదీ వరస. శుక్రవారం నించి ఇంతే."

"రాకేష్ వాళ్లు ఎన్నింటికొస్తారు?" అడిగింది ఛాయాదేవి.

"పన్నెండున్నరకి." కౌశిక్ భార్య దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "శ్రీ, ఒక్కటే అడుగుతున్నా. మొహం మామూలుగా పెట్టుకో. లంచ్‌కి పిలిచింది మనం. ఆయన మన మీద కోపంతో రావట్లేదు."

"కోపం ఎందుకుంటుంది? భయం ఉంటుంది గానీ."

"ఎవరికి?"

"అందరికీ," అంది శ్రీవిద్య. "నాక్కూడా."

చీపురు కింద మాడిన ఆవగింజలు టపటప దొర్లాయి. జరిగిందేమిటో ఆమెకి ఎన్నిసార్లు గుర్తొచ్చినా, గుర్తొచ్చిన ప్రతిసారీ ఆ నవ్వులే ముందు వినిపిస్తున్నాయి.

ఆఫీసులో వాళ్ల టీంకి లీడ్ రాకేష్. అతనితో, తనతో కలిపి టీంలో అయిదుగురు తెలుగువాళ్లు. ఆరో మనిషి డెనీస్. యాభై దాటిన నల్లజాతి ఆవిడ, డాలస్‌లోనే పుట్టి పెరిగింది. ఒక పెద్ద ఆసుపత్రికి సంబంధించిన ప్రోగ్రాంలు రాత్రిపూట నడపడం ఆవిడ పని. ఆ గురువారం కాల్‌లో మామూలుగానే మాట ఇంగ్లీషులో మొదలై తెలుగులోకి జారిపోయింది. జారిపోవడం ఎవరూ గమనించరు. కాళ్లకి అలవాటైన దారి లాంటిదది. ప్రోగ్రాంలో తప్పుందని అప్పుడే తెలిసింది. రాకేష్ అన్నాడు: "ఎవరన్నా ఆ కాటుకకు చెప్పుండ్రి, ఇయ్యాల రాత్రి అది నడపొద్దని. రెండుసార్లు చెప్పుండ్రి. ఆ బొగ్గు బుర్రకు ఒకసారి చెప్తే ఎక్కదు."

కాటుక అంటే డెనీస్. ఎదురుగా ఉన్నప్పుడే ఆమె గురించి మాట్లాడుకోవడానికి వాళ్లు పెట్టుకున్న పేరు.

"హే, కాటుక అని నా పేరు వినిపించింది! నా గురించేనా?" అంది డెనీస్ కాల్‌లోంచే, హుషారుగా.

అందరూ ఇంకా నవ్వారు. "ఏం లేదు డెనీస్, నిన్ను పొగుడుతున్నాం," అన్నాడు రాకేష్ ఇంగ్లీషులో.

ఎవరో ఒకరు చెబుతారులే అని అందరూ అనుకున్నారు. ఎవరూ చెప్పలేదు. డెనీస్ రోజూలాగే ప్రోగ్రాం నడిపింది. తెల్లారేసరికి, మీ అపాయింట్‌మెంట్ రద్దయిందని వేలమంది రోగులకి మెసేజ్‌లు వెళ్లిపోయాయి. నడపొద్దని మీటింగ్‌లో స్పష్టంగా చెప్పాను, ఆమె వినలేదు, అని రాకేష్ పైవాళ్లకి చెప్పాడు. డెనీస్‌ని ఇంటికి పంపేశారు. నాకు అర్థం కాని భాషలో చెప్పారని ఆమె ఫిర్యాదు చేసింది. కాల్ రికార్డు చెయ్యలేదు. మిగిలింది ఉన్నవాళ్ల మాటే.

"నానమ్మా, ఇంక కడిగేసుకుంటా. ఇట్స్ ఇచీ, దురద!" బాత్‌రూమ్‌లోంచి శ్రీవిద్య కూతురు కృతి అరిచింది.

"అయిదు నిమిషాలాగవే. నలుగుపిండి ఆరాలి. ఆరితేనే రంగు తేలేది."

చీపురు ఆగింది. శ్రీవిద్య అత్తగారి వైపు చూసింది. ఛాయాదేవి ఆ చూపు గమనించనట్టు మూకుట్లో నూనె పోసింది.

* * *

రాకేష్ వస్తూనే ఇల్లు నిండిపోయింది. అతనెక్కడికెళ్లినా అంతే. కృతిని గాలిలోకి ఎత్తబోయి, "అబ్బో, పదేండ్లకే గింత బరువైతివేందే!" అని దింపేశాడు. అతని భార్య రష్మి తను చేసిన డబుల్ కా మీఠా గిన్నె బల్ల మీద పెట్టి, తిన్నగా వంటింట్లోకెళ్లి ఛాయాదేవిని కౌగిలించుకుంది.

అతన్ని ద్వేషించగలిగితే ఎంత తేలికగా ఉండేది, అనుకుంది శ్రీవిద్య కంచాలు పెడుతూ. ఈ దేశంలో దిగిన మొదటి వారం అతని ఇంట్లోనే ఉన్నారు. డ్రైవింగ్ నేర్పింది అతనే. హైవే మీద ఆమె స్టీరింగ్ వదిలేసి ఏడిస్తే, "ఏడ్వు చెల్లె, ఏడ్వు. గని ఎక్జిట్ తీస్కొని ఏడ్వు," అని నవ్వించిందీ అతనే.

పులిహోర సగమయ్యాక అతనే ఆ సంగతి తీశాడు.

"గిదేం పెద్ద ముచ్చట కాదు చెల్లె. ఒక్కటే లైన్. 'రాకేష్ ఇంగ్లీష్‌లనే చెప్పిండు.' ఐపాయె. ఆమె థాంక్యూ అంటది, నువ్వు థాంక్యూ అంటవు, బయటికొస్తవు."

"ఇంకేమైనా అడిగితే?" అన్నాడు కౌశిక్.

"ఏం అడుగుతది? 'గుర్తులేదు' అని చెప్పాలె. గుర్తులేదు అన్నోళ్లని ఎవ్వడేం చెయ్యలేడు ఈ దేశంల."

"అసలు ఎవరయ్యా ఆ మనిషి?" అంది ఛాయాదేవి మారు వడ్డిస్తూ. "పేరు నోరు తిరగట్లేదు నాకు."

"అదే ఆంటీ, కాటుక!" అంది రష్మి నవ్వుతూ. "మా ఆయన ఇంటికొచ్చి రోజూ చెప్పేవాడు కదా, కాటుక ఇలా అంది, కాటుక అలా చేసింది అని. నాకైతే అసలు పేరే తెలియదు చాన్నాళ్లు."

కౌశిక్ నవ్వాడు. రాకేష్ నవ్వాడు. ఛాయాదేవి నవ్వబోయి, ఎందుకో గరిటె వైపు చూసుకుంది.

కృతి తలెత్తింది. దాని చెవుల వెనకాల నలుగుపిండి ఇంకా పచ్చగా అంటుకునే ఉంది.

"కాటుకా అంటే ఐలైనర్ కదా అమ్మా? ఆమెని ఎందుకు అలా పిలుస్తారు? బికాజ్ షీ ఈజ్ బ్లాక్?"

బల్ల దగ్గర నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

"కాదు బేటా," అన్నాడు రాకేష్. "ప్రేమతోని పిలుస్తం. నిన్ను మీ నాన్న బంగారం అంటడు గద, గట్ల."

"ఆమెకి తెలుసా? వాట్ ఇట్ మీన్స్?"

రష్మి డబుల్ కా మీఠా గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"కళ్లు చాలా అందంగా ఉన్నవాళ్లని అలా పిలుస్తాం అని చెప్పాం," అంది శ్రీవిద్య. భోజనానికి కూర్చున్నాక ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. "నిరుడు దీపావళికి ఆఫీసులో అందరం వంటలు తెచ్చుకున్నాం. ఆవిడ ఇండియన్ స్టోర్‌కెళ్లి కాటుక కొనుక్కుని, కళ్లకి పెట్టుకుని వచ్చింది. 'ఇవాళ నిజంగా కాటుకనే' అంది. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది."

"కృతీ, తినేశావుగా. వెళ్లి చెయ్యి కడుక్కో," అన్నాడు కౌశిక్.

"బట్ నాన్నా..."

"వెళ్లమన్నానా!"

కృతి కుర్చీ చప్పుడు చేస్తూ లేచింది. పోతూ పోతూ తల్లిని ఒక చూపు చూసింది. అందులో కోపం లేదు. తెలియని మనిషిని పోల్చుకోవడానికి చూసే చూపు అది.

రాకేష్ నీళ్లు తాగి గ్లాసు దించాడు. "చెల్లె, జర బాల్కనీలకు రా. మాట్లాడాలె."

* * *

బాల్కనీలో నిలబడితే కింద పార్కింగ్, అవతల హైవే. ఆదివారమైనా కార్ల మోత ఆగదు. రెయిలింగ్ మీద చెయ్యి పెడితే కాలిపోయేట్టుంది.

"నువ్వు నిజం చెప్తవనుకో," అన్నాడు రాకేష్. మర్యాదగానే ఉన్నాడు. "ఏమైతది? నా ఉద్యోగం పోతది. సరే, నేను తప్పు చేసిన, పోనీ. మిగతా ముగ్గురు అబద్ధం చెప్పినట్టు తేలుతది. వాళ్లయీ పోతయి. అందరం వీసాల మీదున్నోళ్లమే. ఆమెకేంది? సిటిజెన్. రేపు ఇంకోకాడ దొరుకుతది."

"యాభై మూడేళ్లావిడకి, ఇలా తీసేశాక?"

"మనకన్న సులువే. మనకు జాబ్ పోతే దేశమే పోతది."

అది అబద్ధం కాదు.

"ఆ మాట ఎందుకన్నావు అన్నా?"

"ఏ మాట?"

"బొగ్గు బుర్ర అని."

రాకేష్ మొహం తిప్పుకున్నాడు. "నోటికొచ్చింది, అన్న. మనలో మనం అనుకుంటం. నన్ను మా కాలేజ్ దోస్తులు ఇప్పటికీ కర్రోడా, నల్లోడా అంటరు. నేను కేసు పెట్టిన్నా?"

"నీకు ఆ మాట అర్థమవుతుంది కదా. తిరిగి అనగలవు కూడా."

అతను కింద కార్ల వైపు చూశాడు. తర్వాత వచ్చిన గొంతులో చెల్లె అనే అన్న లేడు, లీడ్ ఉన్నాడు.

"సరే. నిజమే చెప్తవు. మొత్తం చెప్తవా మరి? కాల్ అయినంక కాఫీ మెషిన్ దగ్గర ఆమె నిన్ను అడిగింది గద, 'నా గురించి ఏమన్నరు శ్రీ' అని? నువ్వేమన్నవు? 'ఏం లేదు, ఏదో సినిమా కబుర్లు' అన్నవు. అప్పుడొక్క ముక్క చెప్పుంటే ఇయ్యాల ఇదంత కాకపోతుండె. నేను భాష తప్పు చేసిన. నువ్వు ఆమె కండ్లల్ల చూసి అబద్ధం చెప్పినవు. హెచ్చార్‌కి ఏది పెద్దగ కనపడతదో చూస్కో."

శ్రీవిద్య రెయిలింగ్ మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది.

ఆ మాట నిజమే. చెప్పబోయింది ఆవేళ. కానీ ప్రోగ్రాం నడపొద్దన్నారని చెబితే, మరి ఎందుకు నవ్వారని అడుగుతుంది. అప్పుడేం చెప్పాలి? పేపర్ కప్పు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఆ మొహం చూసి నాలుక వెనక్కి పోయింది. సాయంత్రం రాకేషే చెబుతాడులే అనుకుంది.

అయితే ఆ సంగతి కాఫీ మెషిన్ దగ్గరున్న ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. శుక్రవారం నాడు, గుండె బరువు ఆపుకోలేక, ఆమె ఒకే ఒక్క మనిషికి చెప్పుకుంది.

వెనక్కి తిరిగింది. గాజు తలుపు దగ్గర కౌశిక్ టీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు. కప్పుల్లోకి చూస్తూ, "చక్కెర తక్కువైందేమో," అన్నాడు.

* * *

వాళ్లు వెళ్లిపోయాక గిన్నెలు తోమేటప్పుడు గొడవ మొదలైంది.

"మొగుడివని చెప్పుకున్నాను."

"తెలుసు."

"ఎంతకి అమ్ముకున్నావు?"

కౌశిక్ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. "ఆ మాట అనకు శ్రీ."

"మార్చిలో నీ ఉద్యోగం పోయింది. నా వీసా మీద డిపెండెంట్‌గా మారావు. రాకేష్ అన్న మళ్లీ హెచ్‌వన్ వర్క్ వీసా చేయించి తన టీంలోకి తీసుకుంటానన్నాడు. నా గ్రీన్ కార్డ్ ఫైల్ మొదలుపెట్టాలన్నా ఆయనే చెప్పాలి. ఇవన్నీ నాకు తెలియవనుకున్నావా? తెలిసే మూడు రోజుల్నించి నోరు మెదపకుండా తిరుగుతున్నాను. నువ్వు మాత్రం నా నోరు మూయించడానికి తాళం తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టావు."

"ఆయన అడిగాడు. 'శ్రీవిద్య ఏమంటోంది' అని. నేను నిన్ను కాపాడదామనే చెప్పాను. తనకి కూడా ఇందులో భాగం ఉంది, తనేం మాట్లాడదు లెండి అన్నాను."

"భాగం ఉంది!"

"లేదా మరి?" కౌశిక్ గొంతు పెరిగింది. వెంటనే కృతి గది వైపు చూసి తగ్గించాడు. "నీకేం తెలుసు నా సంగతి? మొన్న బర్త్‌డే పార్టీలో కృతి ఫ్రెండ్ వాళ్ల నాన్న 'వాట్ డూ యూ డూ' అని అడిగాడు. జవాబు చెప్పలేక బాత్‌రూమ్‌లోకెళ్లి తలుపేసుకున్నాను. కేక్ కట్ చేసేదాకా బయటికి రాలేదు. నీకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం? ఈ ఇంట్లో ప్రతి గ్లాసూ, ప్రతి చెంచా నీ ఉద్యోగం మీద నిలబడి ఉంది. ఆ డెనీస్ మంచిదే. నేను కాదనట్లేదు. కానీ ఆవిడ నా కూతురు కాదు."

శ్రీవిద్యకి కోపం చల్లారిపోయింది. అందుకే ఆమెకి భయం వేసింది. కోపం ఉన్నంతసేపు ఒక దారి కనిపించేది.

"కేక్ కట్ చేసేటప్పుడు కృతి నీకోసం వెతికింది," అంది నెమ్మదిగా.

"తెలుసు," అన్నాడు కౌశిక్. గుడ్డ సింకులో పడేసి వెళ్లిపోయాడు.

* * *

పొద్దువాలే వేళకి ఛాయాదేవి గోంగూర కట్టలు ముందేసుకుని కూర్చుంది. శ్రీవిద్య ఎదురుగా చేరి ఆకు తుంచసాగింది.

"నన్ను మా అత్తగారింట్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు," అంది ఛాయాదేవి ఉన్నట్టుండి. "నేరేడుపండు అనేవాళ్లు. పెళ్లిచూపుల నాడు మీ మావగారి అక్క అన్న మాట. నలభై ఏళ్లు సాగింది. చుట్టాలొస్తే 'మా నేరేడుపండు చేసిన పప్పు తిన్నారా' అనేవాళ్లు. ప్రేమగానే అనేవాళ్లు. రాకేష్ చెప్పాడే, అలాగే."

శ్రీవిద్య చేతిలో ఆకు ఆగింది. "మీరేమనేవారు?"

"నవ్వేదాన్ని."

"బాధగా ఉండేది కాదా అత్తయ్యా?"

"బాధ కాదే. ఏదైనా శుభకార్యానికి తయారై అద్దంలో చూసుకున్నప్పుడు, ముందు ఆ మాట గుర్తొచ్చేది. తర్వాతే నేను కనపడేదాన్ని." పుచ్చు ఆకు ఏరి పక్కన పడేసింది. "అందుకే పిల్లకి పిండి రుద్దుతున్నా. దానికి ఎవరూ పేరు పెట్టకూడదని."

బయట ఎవరింట్లోనో కుక్క మొరిగింది. శ్రీవిద్య కాస్త ముందుకి జరిగింది. అత్తగారి చెయ్యి పట్టుకుందామనుకుంది.

"అయితే మీరు నన్ను చెప్పమంటారా?"

ఛాయాదేవి చప్పున తలెత్తింది. "నేనా? ఎందుకు చెప్పమంటాను? నోరు మూసుకుని రా. మాటలు పడితే బతకొచ్చు. నేను బతకలా? కూడు పోతే ఎవరు బతకనిస్తారు? వీడు అసలే ఇంట్లో కూర్చుని కుంగిపోతున్నాడు." కట్ట తాడు పుటుక్కున తెంపింది. "నా సంగతి ఏదో మాటవరసకి చెప్పాను. దాన్ని పట్టుకుని కొంప ముంచకు."

కానీ ఆ తర్వాత తుంచిన ఆకులన్నీ ఆవిడ కాడలతో సహా గిన్నెలో వేసేసింది. శ్రీవిద్య ఒక్కో కాడా ఏరి తీసింది.

* * *

సోమవారం పొద్దున కౌశిక్ కారు తాళాలు తీసుకున్నాడు. "నేను దింపుతాను. ఈ పరిస్థితిలో నువ్వు డ్రైవ్ చెయ్యొద్దు."

"నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"పార్కింగ్‌లో ఉంటాను. అంతే."

కారు ఆఫీసున్న లాస్ కోలినాస్ దాకా వచ్చింది. ఎక్జిట్ దగ్గర ఇండికేటర్ టిక్కు టిక్కుమంటుంటే కౌశిక్ అన్నాడు:

"నేనొక మాటిచ్చాను రాకేష్ అన్నకి. నువ్వు ఇంగ్లీషులోనే అని చెప్తావని."

"నా మాట నువ్వెలా ఇస్తావు?"

"ఇచ్చేశాను శ్రీ." కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. "ఏం చేస్తావో నీ ఇష్టం."

లాబీలో సోఫా మీద డెనీస్ కూర్చుని ఉంది. ఆఫీసు లాప్‌టాప్ తిరిగి ఇచ్చేయమని పిలిచారట. ఆ బిల్డింగ్‌లో శ్రీవిద్య కంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచి పనిచేసిన మనిషి, ఇవాళ ఛాతీ మీద విజిటర్ అన్న చీటీ అంటించుకుని ఉంది. శ్రీవిద్యని చూడగానే లేచి నిలబడింది.

"శ్రీ! ఎలా ఉన్నావు? పాప ఎలా ఉంది?"

"బాగుంది," అంది శ్రీవిద్య. ఇంగ్లీషులో ఆ చిన్న మాట కూడా తడబడింది.

"నిన్ను అడగమని హెచ్చార్‌లో మెలిస్సాకి నేనే చెప్పాను. నీకు కష్టమవుతుందని తెలుసు. కానీ ఆరోజు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు చూడు. అదే నన్ను పడుకోనివ్వట్లేదు. ఆ కాల్‌లో ఉన్నాను, విన్నాను, నా పేరు కూడా వినిపించింది. అయినా నాకు తెలియదు." చిన్నగా నవ్వి తన కళ్లవైపు చూపించింది. "ధైర్యం కోసం ఇవాళ ఇది పెట్టుకొచ్చాను."

కళ్లకింద కాటుక కొంచెం చెదిరి ఉంది. పెట్టుకోవడం సరిగా చేతకాలేదు. రెప్ప అంచు దాటి చెంప మీదికి పాకింది.

శ్రీవిద్య బ్యాగులోంచి టిష్యూ తీసింది. తుడవబోయి, ఆగి, ఆమె చేతిలో పెట్టింది. లిఫ్ట్ తలుపులు మూసుకునేదాకా వెనక్కి తిరిగి చూడలేకపోయింది.

హెచ్చార్ గదికి మూడువైపులా గోడలు, నాలుగోవైపు గాజు. మెలిస్సా నలభైలోపు మనిషి. మంచినీళ్ల సీసా ముందు పెట్టి, మర్యాదగా మొదలుపెట్టింది.

"ప్రోగ్రాం ఆపమన్న మాట ఆ మీటింగ్‌లో ఏ భాషలో వచ్చింది?"

ఒక్కటే లైన్. ఐపాయె. శ్రీవిద్య నాలుక మీద ఆ లైను సిద్ధంగానే ఉంది. గుర్తులేదు అన్నా చాలు.

గాజు అవతల కారిడార్లో ఎవరో నడిచి వస్తున్నారు. రాకేష్. అతని పక్కన, చొక్కా మీద విజిటర్ చీటీతో, పార్కింగ్‌లో ఉంటానన్న కౌశిక్. రాకేష్ చెయ్యి కౌశిక్ భుజం మీద ఉంది. ఇద్దరూ కాఫీ మెషిన్ దగ్గర ఆగారు. కౌశిక్ గాజులోంచి ఆమెని చూసి, ఏం ఫర్వాలేదన్నట్టు తలాడించాడు. మొహం మాత్రం జ్వరం వచ్చినవాడి మొహంలా ఉంది.

"మీకు కాస్త టైం కావాలా?" అంది మెలిస్సా.

"వద్దు." శ్రీవిద్యకి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తెలుగులో."

మెలిస్సా పెన్ను కింద పెట్టింది. "డెనీస్ తన పేరు వినిపించిందని చెప్పింది. కాటుక అని. అది ముద్దుపేరు, అందమైన కళ్లు అని అర్థం, అంది. నిజమేనా?"

"ఆవిడకి అలాగని చెప్పాం. అబద్ధం చెప్పాం. అది ఆవిడ ఒంటి రంగుని చూసి పెట్టిన పేరు. ఆరోజు అలా పిలిచి, దానికింకో మాట కూడా తగిలించి, నవ్వుకుంటూ చెప్పారు. ఆవిడ నన్ను విడిగా అడిగింది కూడా. నేను ఏమీ లేదన్నాను."

చెప్పేశాక రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

మెలిస్సా మళ్లీ పెన్ను అందుకుంది. తర్వాత, "చెప్పాం అన్నారు. పిలిచేవాళ్లం అన్నట్టే కదా అది. ఎవరెవరు? పేర్లు కావాలి," అంది.

అవతల కౌశిక్ కాఫీ కప్పు రాకేష్‌కి అందించబోయి అలాగే నిలబడిపోయాడు. ఈవైపే చూస్తున్నాడు. అయిదు పేర్లు. అయిదు ఇళ్లు. ఒక ఇంట్లో ఆమె మొదటి వారం నిద్రపోయిన మంచం ఉంది.

శ్రీవిద్య మొదట తన పేరు చెప్పింది.

రెండో పేరుకి నోరు తెరిచేలోగా, గాజు తలుపు మీద ఎవరో వేళ్లతో తట్టారు. చూడకపోయినా ఆ తట్టడం ఎవరిదో ఆమెకి తెలుసు. ఇంట్లో బాత్‌రూమ్ తలుపు మీద కృతి కోసం కౌశిక్ తట్టినట్టే, మెల్లగా, మూడుసార్లు.